అలసిన కణాలా, రాజీపడిన కణాలా?

ముంజేతి లోపలి వైపు, చర్మం పొరల్లోకి సన్నని సూదితో కొద్దిగా ద్రవం ఎక్కిస్తారు. అందులో ఉండేవి చంపిన లీష్మేనియా పరాన్నజీవులు. రెండు మూడు రోజుల తర్వాత ఆ చోటును వేలితో తడిమి, గట్టిపడిన మేర ఎంతుందో స్కేలుతో కొలుస్తారు. 5 మిల్లీమీటర్లో అంతకు మించో ఉంటే, ఒంట్లోని టి కణాలు అనే రోగనిరోధక కణాలు ఆ పరాన్నజీవిని ఎరుగుదుమని చెప్పినట్టు. విచిత్రం ఏమిటంటే, అదే పరాన్నజీవి తెచ్చే కాలాఅజార్ అనే జబ్బుతో మంచాన పడిన రోగికి ఈ పరీక్ష చేస్తే చర్మం చదునుగానే ఉండిపోతుంది. ప్లీహంలో, కాలేయంలో, ఎముక మజ్జలో అవే పరాన్నజీవులు కిక్కిరిసి ఉన్నా ముంజేయి మాత్రం పలకదు. మందులతో జబ్బు నయమై కొన్ని నెలలు గడిచాక అదే మనిషికి మళ్లీ సూది వేస్తే, చాలామందిలో గడ్డ లేస్తుంది.

దొంగ ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మెదపని కాపలాదారు, దొంగ వెళ్లిపోయాక కేక పెట్టినట్టుంది ఇది. ఈ మౌనానికి రోగనిరోధక శాస్త్రంలో బాగా చలామణీ అవుతున్న సంజాయిషీ ఒకటుంది: నిరోధక కణాలు అలసిపోయాయి అని. వినడానికి సహజంగా ఉంది. ఏళ్ల తరబడి పోరాడితే ఎవరైనా అలసిపోతారు కదా అనిపిస్తుంది. కానీ పరాన్నజీవుల వ్యాధుల విషయానికి వచ్చేసరికి ఈ ఒక్క మాట నాలుగు వేర్వేరు సంగతులను ఒకే సంచిలో కుక్కేసింది. ఆ సంచి విప్పి వేటికవి విడదీయకపోతే, చికిత్స గురించి ఆలోచించడమే దారి తప్పుతుంది.

మాట పుట్టిన చోటు

కణాల అలసట అన్న భావన పుట్టింది పరాన్నజీవుల దగ్గర కాదు, చిట్టెలుకలకు సోకే ఎల్‌సీఎంవీ అనే వైరస్ దగ్గర. ప్రయోగశాలల్లో ఈ వైరస్‌లోని రెండు రకాలను ఎక్కువగా వాడతారు. ఆర్మ్‌స్ట్రాంగ్ రకాన్ని ఎక్కిస్తే ఎలుక వారం పది రోజుల్లో దాన్ని ఒంట్లోంచి తుడిచిపెట్టేస్తుంది. దానికి అతి దగ్గరి బంధువైన క్లోన్ 13 ఎక్కిస్తే మాత్రం వైరస్ నెలల పాటు రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. 1993లో ఈ వైరస్ ఒంట్లో పాతుకుపోయిన ఎలుకలను పరిశీలించినప్పుడు, వైరస్‌ను చంపాల్సిన టి కణాలు మితిమీరి పనిచేసి అంతరించిపోతున్నాయని భావించారు. 1998లో వచ్చిన పరిశోధనలు కథ మార్చాయి. వైరస్‌ను గుర్తుపట్టే కణాలు కొన్ని బతికే ఉన్నాయి, కానీ చేయాల్సిన పని చేయడం లేదు.

పని మానేయడంలోనూ ఒక క్రమం కనిపించింది. మొదట పోయేది ఇంటర్‌ల్యూకిన్-2 అనే సైటోకైన్‌ను (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్‌ను) స్రవించే శక్తి, దానితోపాటు వేగంగా విభజన చెందే సత్తా. ఆ తర్వాత టీఎన్‌ఎఫ్ అనే మరో సైటోకైన్. చిట్టచివరికి, లోపల దాగిన క్రిములను చంపమని ఇతర కణాలను పురిగొల్పే ఇంటర్‌ఫెరాన్ గామా కూడా తగ్గిపోతుంది. అదే సమయంలో కణం పైపొర మీద బ్రేకుల్లాంటి అణువులు ఒకటొకటిగా మొలుస్తాయి: పీడీ-1, లాగ్-3, టిమ్-3, మరికొన్ని. వీటిలో పేరుపొందిన పీడీ-1ను 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం కనుగొంది. కణాలు తమంతట తాము చనిపోవడంలో దీని పాత్ర ఉందనుకుని పేరులోనే మరణాన్ని (పీడీ అంటే ప్రోగ్రామ్డ్ డెత్) చేర్చారు. తీరా చూస్తే అది చంపేది కాదు, వేగం తగ్గించేది. ఈ రంగంలో పేర్లు తొందరపడి పెట్టడం కొత్తేమీ కాదు. 2006లో అట్లాంటాలోని రఫీ అహ్మద్ బృందం, బోస్టన్‌లోని సహచరులు కలిసి దీర్ఘకాలిక ఎల్‌సీఎంవీ ఉన్న ఎలుకల్లో ఈ బ్రేకును యాంటీబాడీతో అడ్డుకున్నారు. పడుకున్న కణాలు లేచాయి, వైరస్ తగ్గింది. ఇదే బ్రేకును క్యాన్సర్‌లో విడదీసే మందులు ఆ తర్వాత వచ్చాయి. 2018లో హోంజో, సీటీఎల్‌ఏ-4 అనే మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అలసట అన్న మాట ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుందో ఇప్పుడు చూడవచ్చు. అలసిన మనిషి పడుకుని లేస్తే కోలుకుంటాడు. ఈ కణాలను దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్ ఉన్న ఎలుక నుంచి తీసి వైరస్ లేని ఎలుకలోకి మార్చినా, అవి మామూలు జ్ఞాపక కణాల్లా తేరుకోవు. మళ్లీ వైరస్ ఎదురైతే కొంతవరకు వృద్ధి చెందుతాయి గానీ, పాత వాలకం వదలవు. ఎందుకంటే ఇది శక్తి తరిగిపోవడం కాదు, కణం మరో రకం కణంగా మారిపోవడం. ఆ మార్పును నడిపేది టాక్స్ అనే ప్రోటీన్ అని 2019లో అనేక బృందాలు ఒకేసారి చూపించాయి. కేంద్రకంలో డీఎన్‌ఏ పోగు ఏయే చోట్ల విప్పారి ఉండాలి, ఏయే చోట్ల ముడుచుకుని ఉండాలి అన్నది అది తిరగరాస్తుంది. పీడీ-1ను అడ్డుకున్నంత మాత్రాన ఆ రాత చెరగదు. హెపటైటిస్ సి రోగుల్లో మందులతో వైరస్ పూర్తిగా పోయాక కూడా టి కణాల్లో ఆ మచ్చలు మిగిలే ఉన్నట్టు తేలింది.

ఇంకో మెలిక కూడా ఉంది. అలసిన కణాలన్నీ ఒకే తీరువి కావు. వాటిలో టీసీఎఫ్-1 అనే ప్రోటీన్‌ను నిలుపుకున్న చిన్న గుంపు విత్తనాల గాదె లాంటిది. అది తనను తాను నిలుపుకుంటూ, ముందు వరుసలోకి కొత్త కణాలను పంపుతుంటుంది. పీడీ-1 బ్రేకు విడదీసినప్పుడు స్పందించేది ప్రధానంగా ఈ గుంపే. గాదె ఖాళీ అయిన చోట మందు పనిచేయదు.

అచ్చంగా వైరస్ కథలా కనిపించేది

పరాన్నజీవుల్లో ఈ చిత్రానికి బాగా దగ్గరగా వచ్చేది టాక్సోప్లాస్మా గోండై. ఒక కణం మాత్రమే ఉన్న ఈ జీవి పిల్లుల పేగుల్లో లైంగిక దశ పూర్తి చేసుకుంటుంది. మనుషుల్లో, ఎలుకల్లో మాత్రం మెదడులోనూ కండరాల్లోనూ చిన్న తిత్తులు కట్టుకుని, నెమ్మదిగా పెరిగే రూపంలో జీవితాంతం ఉండిపోతుంది. టి కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అందిస్తున్నంత కాలం తిత్తి లోపలి జీవి బయటికి వచ్చి వ్యాపించలేదు. ఎయిడ్స్‌లో సీడీ4 కణాలు (మిగతా కణాలకు ఆసరా ఇచ్చే టి కణాలు) బాగా పడిపోయినప్పుడు తిత్తులు పగిలి మెదడువాపు రావడం ఇందుకు నిలువెత్తు రుజువు.

2011లో ఇంతియాజ్ ఖాన్ బృందం సీ57బీఎల్/6 జాతి ఎలుకల్లో ఈ కాపలా ఎలా సడలుతుందో చూపించింది. ఇన్‌ఫెక్షన్ పాతబడే కొద్దీ, సోకిన కణాలను చంపే సీడీ8 టి కణాల మీద పీడీ-1 పెరిగింది, పనితనం తగ్గింది, తిత్తుల్లోని పరాన్నజీవి తిరిగి విజృంభించింది. పీడీ-1 జతగాడైన పీడీ-ఎల్1ను అడ్డుకుంటే కణాలు తేరుకున్నాయి, ఎలుకలు బతికాయి. తర్వాత అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ముందు చతికిలపడేది సీడీ4 కణాలు, వాటి ఆసరా తప్పడంతో సీడీ8 కణాలు వెనకే కూలబడతాయి.

ఇక్కడితో ఆగితే కథ చక్కగా ముగిసేది. కానీ బాల్బ్/సీ జాతి ఎలుకలకు అదే పరాన్నజీవి సోకితే సీడీ8 కణాలు నెలల తరబడి చురుగ్గానే ఉంటాయి. ఈ జాతి కణాల మీద ఉండే ఒక ప్రత్యేకమైన అణువు, పరాన్నజీవి స్రవించే గ్రా6 అనే ప్రోటీన్ ముక్కను టి కణాలకు చాలా స్పష్టంగా చూపించగలదు. ఆ ముక్కను గుర్తుపట్టే కణాల్లో ఒక మధ్యస్థ గుంపు విభజన చెందుతూ తాజా సైన్యాన్ని పంపుతూనే ఉంటుంది. పరాన్నజీవి ఒకటే, ఎలుక జాతి మారింది, ఫలితం తలకిందులైంది. ఇన్‌ఫెక్షన్ ఎక్కువ కాలం ఉంటే అలసట తప్పదన్న సూత్రం ఇక్కడే చీలిపోతుంది. కాలం ఒక్కటే కాదు, పరాన్నజీవి ముక్కలు కణాలకు ఎంత మోతాదులో, ఎంత తరచుగా, ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయన్నది అసలు లెక్క.

కాలాఅజార్: అరుస్తున్నా వినిపించనివి

మళ్లీ ముంజేతి దగ్గరికి వద్దాం. కాలాఅజార్ రోగి రక్తం నుంచి తెల్లకణాలను వేరుచేసి, పరాన్నజీవి ప్రోటీన్లతో కలిపితే అవి విభజన చెందవు, ఇంటర్‌ఫెరాన్ గామా దాదాపు రాదు. చర్మ పరీక్ష చెప్పినదీ ఇదే. అలసటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనిపిస్తుంది. అయితే అదే రక్తాన్ని వేరుచేయకుండా, ఉన్నది ఉన్నట్టుగా అవే ప్రోటీన్లతో కలిపి చూసినప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా దండిగా వచ్చింది! రోగుల ప్లీహంలోనూ దాని జన్యువు చురుగ్గా పనిచేస్తున్న ఆనవాళ్లు దొరికాయి. కణాలు మౌనంగా లేవు. వాటి కేకను ఎవరో మింగేస్తున్నారు.

ఆ మింగేసేదాని పేరు ఇంటర్‌ల్యూకిన్-10. కాలాఅజార్ రోగుల ప్లీహంలో దీన్ని ప్రధానంగా తయారుచేసేది కూడా టి కణాలేనని 2007లో తెలిసింది. లీష్మేనియా కాపురం ఉండేది మ్యాక్రోఫేజ్ అనే భక్షక కణం లోపల. ఇంటర్‌ఫెరాన్ గామా వచ్చి తలుపు తడితే ఆ కణం తన లోపలి జీవిని చంపడానికి పూనుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-10 చేరితే ఆ తట్టుడు లోపలికి వినబడదు. రోగుల ప్లీహం నుంచి సూదితో తీసిన కణాలను గాజుపాత్రలో పెంచుతూ ఇంటర్‌ల్యూకిన్-10ను యాంటీబాడీతో అడ్డగిస్తే, మరే సాయమూ లేకుండానే పరాన్నజీవుల సంఖ్య తగ్గింది. అలసిపోయిన కణాలే అయితే ఒక అడ్డు తీయగానే ఇంత పని చేసేవి కావు.

దీని అర్థం కాలాఅజార్‌లో అలసట బొత్తిగా లేదని కాదు. రోగుల ప్లీహంలోని సీడీ8 కణాల మీద పీడీ-1, సీటీఎల్‌ఏ-4 కనిపించాయి. ఈ జబ్బు సోకిన కుక్కల్లో పీడీ-1 దారిని అడ్డుకుంటే టి కణాలు కొంత తేరుకుని, కణాల లోపలి పరాన్నజీవులు తగ్గినట్టు కూడా చూశారు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి: కొన్ని కణాలు మారిపోయాయి, మిగిలినవాటి గొంతు నొక్కేశారు. నయమయ్యాక చర్మం మీద లేచే గడ్డ ఈ రెండో గుంపు చలవే అయి ఉండాలన్నది సమంజసమైన ఊహ. మొదటి గుంపు అంత తేలిగ్గా తిరిగి రాదు కాబట్టి.

బి కణాల మీద పడిన పేరు

మలేరియాలో ఈ చర్చ మరో దారి పట్టింది. ఎర్ర రక్తకణం పక్వానికి వచ్చేసరికి కేంద్రకాన్ని వదిలేసుకుంటుంది. తన లోపల ఏముందో సీడీ8 కణాలకు చూపించే సామగ్రి కూడా దానికి దాదాపు ఉండదు. అందుకే మలేరియా క్రిమి ఈ కణాల్లో దాగి పెరిగే రక్తదశలో బరువంతా సీడీ4 కణాల మీద, యాంటీబాడీలు చేసే బి కణాల మీద పడుతుంది. 2009లో మాలి దేశంలో, మలేరియా ఏటా పలకరించే ఊళ్ల ప్రజల్లో వింత వాలకం ఉన్న జ్ఞాపక బి కణాలు పెద్ద సంఖ్యలో కనిపించాయి. అంతకు ముందు ఏడాదే హెచ్‌ఐవీ రోగుల్లో ఇలాంటివాటిని గుర్తించి, అలసిన బి కణాలు అన్నారు. పోలిక కుదరడంతో మలేరియాలోనూ అదే ముద్ర పడింది. తర్వాతి పరిశీలనల్లో కొందరు అవి సంకేతాలకు మందంగా స్పందిస్తున్నాయన్నారు, ఇంకొందరు వాటిలో కొన్ని యాంటీబాడీలు చేస్తూనే ఉన్నాయని చూపించారు. మలేరియాకు పాక్షిక రక్షణ పొందిన పెద్దవాళ్లలో కూడా ఇవి పుష్కలంగా ఉంటాయి. అలాంటప్పుడు వాటిని ఓటమికి గుర్తుగా చూపడం తొందరపాటే.

ఎలుకల్లో మాత్రం ఒక ఫలితం ఆలోచింపజేస్తుంది. ఎలుకల మలేరియా క్రిమి అయిన ప్లాస్మోడియం యోలీ సోకినప్పుడు, వాటిలో పీడీ-ఎల్1, లాగ్-3 రెండింటినీ కలిపి అడ్డుకున్నప్పుడు, బి కణాలకు సాయం చేసే సీడీ4 కణాలు పెరిగి, యాంటీబాడీలు మెరుగుపడి, పరాన్నజీవి త్వరగా తొలగిపోయిందని 2012లో తేలింది. ఇక్కడ బ్రేకు తీయడం వల్ల ఫలితం చంపే కణాల ద్వారా కాకుండా, యాంటీబాడీల ద్వారా వచ్చింది.

ఏళ్ల కాపురం చేసే పురుగులు

షిస్టోసోమా పురుగుల్లో మాన్సోనై రకం జంట పేగుల చుట్టూ ఉన్న రక్తనాళాల్లో ఏళ్ల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల పాటు కాపురం చేస్తుంది. ఆడపురుగు రోజుకు మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది. వాటిలో కొన్ని రక్తంతో పాటు కొట్టుకుపోయి కాలేయంలో చిక్కుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే చిక్కిన ప్రతి గుడ్డు చుట్టూ నిరోధక కణాల గుంపు వలయాలుగా పేరుకుని గ్రాన్యులోమా అనే ముద్దగా కనిపిస్తుంది. ఎలుకల్లో ఇన్‌ఫెక్షన్ మొదలైన ఎనిమిది వారాలకు ఈ ముద్దలు అతి పెద్దగా ఉంటాయి. మరికొన్ని వారాలు గడిచాక, కొత్తగా వచ్చిన గుడ్ల చుట్టూ ఏర్పడే ముద్దలు చిన్నవి. గుడ్డు అదే, కణాల ఆవేశమే తగ్గింది. తగ్గకపోతే ఎలుక కాలేయమే మిగలదు. టి కణాల స్పందనతో ఆ ముద్దలను సరైన తీరులో కట్టలేని ఎలుకలు త్వరగా చనిపోతాయి, అదుపు తప్పి కట్టినా తంతుకణజాలం పేరుకుని కాలేయం గట్టిపడుతుంది.

బోదకాలు తెచ్చే ఫైలేరియాలో ఈ బేరం మనిషి ఒంటి మీదే కనిపిస్తుంది. రాత్రిపూట తీసిన రక్తపు చుక్కలో పురుగు పిల్లలైన మైక్రోఫైలేరియాలు మెలికలు తిరుగుతున్న మనిషికి, కాలు మామూలుగానే ఉండవచ్చు. ఆయన టి కణాలు ఆ పురుగు ప్రోటీన్లకు మందకొడిగా స్పందిస్తాయి, వాటి చుట్టూ ఇంటర్‌ల్యూకిన్-10, సీటీఎల్‌ఏ-4 ఎక్కువ. కాలు ఏనుగు కాలంత వాచినవారిలో చాలామందికి రక్తంలో మైక్రోఫైలేరియాలే దొరకవు, టి కణాలు మాత్రం కస్సుమంటూ స్పందిస్తాయి. ఎవరి కణాలు అలసినట్టు? వాపుకు బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు, పురుగులు చచ్చి నాళాలు దెబ్బతినడం వంటి కారణాలూ తోడవుతాయి కాబట్టి లెక్క అంత సూటిగా ఉండదు. అయినా ఈ పోలిక చూశాక, స్పందన తగ్గడాన్ని ఉట్టి వైఫల్యంగా చదవడం కష్టం. పాము చావలేదు, కర్రా విరగలేదు. ఇద్దరూ బతికే ఒప్పందం అది.

బ్రేకు తీస్తే

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. 2006 నాటి ఎల్‌సీఎంవీ ప్రయోగాల్లోనే ఒక హెచ్చరిక దాగి ఉంది. పీడీ-ఎల్1 పుట్టుకతోనే లేని ఎలుకలకు క్లోన్ 13 ఎక్కిస్తే అవి వైరస్‌ను గెలవలేదు, తమ టి కణాల ధాటికే కొద్ది రోజుల్లో చనిపోయాయి. క్షయ బాక్టీరియా పరాన్నజీవుల జాబితాలోకి రాదు గానీ పాఠం అదే: పీడీ-1 లేని ఎలుకలకు క్షయ సోకితే మామూలు ఎలుకల కన్నా త్వరగా చనిపోతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

షాగాస్ వ్యాధి ఈ చిక్కుముడికి కేంద్రం. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ షాగాస్ వర్ణించిన ఈ జబ్బుకు కారణమైన ట్రిపనోసోమా క్రూజీ గుండె కండరంలో, పేగు గోడల్లో దాక్కుంటుంది. సోకినవారిలో 20 నుంచి 30 శాతం మందికి, తరచూ దశాబ్దాల తర్వాత, గుండె దెబ్బతింటుంది. చాలాకాలంగా జబ్బు ఉన్నవారి టి కణాలు ఒకే ఒక్క సైటోకైన్ చేసే స్థితికి దిగజారినట్టు పరిశీలనలు చెబుతాయి. ఎలుకల్లో మాత్రం పరాన్నజీవి ఏడాదికి పైగా ఉన్నా సీడీ8 కణాలు పనితనం నిలుపుకున్నాయి. బహుశా పరాన్నజీవి ఎప్పుడూ కొద్ది సంఖ్యలో, అక్కడక్కడే ఉండటం వల్ల కణాలకు మధ్యమధ్య విరామం దొరుకుతోంది. ఈ జబ్బులో పీడీ-1ను తొలగించిన ఎలుకలకు ఏమైంది? రక్తంలో పరాన్నజీవి తగ్గింది. గుండెలో వాపు పెరిగింది. చావులు ఎక్కువయ్యాయి.

నేటికీ ఏ పరాన్నజీవి వ్యాధికీ పీడీ-1ను అడ్డుకునే మందు అనుమతి పొందలేదు. కారణం ఖరీదు మాత్రమే కాదు. క్యాన్సర్ రోగుల్లో ఈ మందులు పేగులను, థైరాయిడ్‌ను, ఊపిరితిత్తులను, అరుదుగా గుండె కండరాన్ని తమ కణాలే తినేసేలా చేస్తాయని వైద్యులకు అనుభవమే. రేపోమాపో పోయే ప్రాణాన్ని నిలబెట్టడానికి ఆ ముప్పును భరించడం ఒక లెక్క. షాగాస్ సోకిన మనిషి విషయంలో లెక్క వేరు. గుండె దెబ్బతిన్నాక పరాన్నజీవిని తగ్గించినా పెద్దగా ఉపయోగం ఉండటం లేదని, ఆ పరాన్నజీవిని చంపే మందు బెంజ్‌నిడజోల్ మీద 2,854 మందితో జరిగి 2015లో వెలువడిన పెద్ద పరీక్ష చూపింది. మందు పరాన్నజీవి జాడను తగ్గించింది, గుండె జబ్బు ముదరడాన్ని మాత్రం చెప్పుకోదగినంతగా ఆపలేదు. కాబట్టి కణాలను లేపడం వల్ల మేలు జరిగితే, గుండె ఇంకా బాగున్న ఆ నిశ్శబ్ద సంవత్సరాల్లోనే జరగాలి. ముందు మందుతో పరాన్నజీవి సంఖ్య తగ్గించి, ఆ తర్వాత బ్రేకును కొద్దిగా, కొద్దికాలం సడలించడం కాగితం మీద తెలివైన పద్ధతే. కానీ ఆ ఏళ్లలో ఆ మనిషికి ఏ బాధా ఉండదు, మామూలుగా పనికి వెళ్తుంటాడు. సోకినవారిలో మూడింట రెండు వంతులకు పైగా గుండె ఎప్పటికీ చెడిపోనే పోదు. ఎవరిది చెడుతుందో ముందుగా చెప్పగల రక్తపరీక్ష చేతికి వచ్చేదాకా, ఒంట్లో కుదిరి ఉన్న ఆ ఒప్పందాన్ని ఎవరిలో చెడగొట్టాలో నిర్ణయించే దారి లేదు.